బిందె దించేదాకా

ఎగువ అహోబిలంలో గుడి పక్కనే భవనాశి ఏరు పారుతుంది. పారుతుంది అని రాశాను గానీ, ఆ ఏటికి తిన్నగా పారడం చేతకాదు. కొండ మీంచి దూకుతుంది, బండల కింద దూరి మాయమవుతుంది, పది బారల దిగువన మళ్ళీ తేలుతుంది. ఎండాకాలంలో నాలుగు మడుగులు, వాటిలో నేరేడాకులు, చిటికెన వేలంత చేపలు, అంతే. వానలు పడ్డాక మాత్రం దాని పక్కన మాట్లాడుకోవాలంటే చెవిలో అరవాలి. ఎక్కడో నల్లమల లోపల వాన కురుస్తుంది. ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది. ఆ ఎండలోనే నీళ్ళు వచ్చి మీద పడతాయి.

ఆ ఏటి పక్కన నేను ఏడేళ్ళు పనిచేశాను. ఆ కొండల గురించి ఎవరైనా అడిగితే మద్దిచెట్ల గురించీ, వెదురు పొదల్లో గాలి గురించీ చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. వినేవాళ్ళు ఎంత అదృష్టమో అంటారు. ఔను అంటాను. ఇప్పుడు వయసు మళ్ళాక ఆ ఔను అన్నందుకు నామీద నాకే విసుగు పుడుతోంది.

మాది గుడికి నీళ్ళు మోసే ఇల్లు. దేవుడి అభిషేకానికి ఏట్లోంచి ఇత్తడి బిందెతో నీళ్ళు తేవడం మా వంశం పని. కర్నూలు రాజధాని అయిన ఏడాది మా నాయన మోకాళ్ళు పట్టేశాయి. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆళ్ళగడ్డలో ఉండి చదువుకుని పరీక్ష పాసై, ఏదో ఒక ఆఫీసులో కుర్చీ దొరక్కపోతుందా అని కలలు కంటున్నాను. నాయన పిలిచి బిందె నా ముందు పెట్టాడు.

"ఉద్యోగం ఉద్యోగం అంటాండావు గదా. ఇదేందీ మరి? దేవుడిచ్చిన ఉద్యోగం. రేపట్నుంచి నువ్వే మొయ్యాల."

మా నాయన ముందు మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

పని కష్టమైంది కాదు. దానికొక నియమం ఉంది, అదే కష్టం. ఏట్లో బిందె ముంచిన క్షణం నుంచి గర్భగుడి ముందు దించేదాకా నీళ్ళు మోసేవాడు నోరు తెరవకూడదు. ఒక్క మాట దొర్లినా ఆ నీళ్ళు దేవుడికి పనికిరావు. చెట్టు మొదట్లో పారబోసి, మళ్ళీ మెట్లు దిగి, మళ్ళీ మునిగి, మళ్ళీ ముంచుకుని రావాలి. ఊఁ అన్నా అంతే. దగ్గు వస్తే దగ్గవచ్చు. దగ్గుకు మాత్రం మా పూర్వీకులు దయతలిచారు.

ఈ సంగతి యాత్రికులకు తెలుసు. ముఖ్యంగా ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే పడుచువాళ్ళకు. మెట్ల మీద నాకు అడ్డం నిలబడి, "ఏం సామీ, టయిమెంత?" అనేవారు. "సామీ, నీ పంచె ఊడిపోతాంది" అనేవారు. నేను పళ్ళు బిగించి నడిచేవాణ్ణి. బిందె దించాక మాత్రం బయటికొచ్చి వాళ్ళను వెతికి మరీ తిట్టేవాణ్ణి. నాకు కోపం ఎక్కువ. ఆ కోపాన్ని మెట్లన్నీ ఎక్కేదాకా లోపల దాచుకోవడమే నేను దేవుడికి చేసిన సేవ అనుకునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఒక చెంచాయన పరిచయమయ్యాడు. నలభై దాటి ఉంటాయి. ఏటికి అవతలి గట్టున వాళ్ళ గూడెం. గుడికి కట్టెలు తెచ్చేవాడు, కార్తీకం తరవాత తేనె తెచ్చేవాడు. ఆ కొండ చరియల్లో మనిషి ఎత్తు తేనెపెరలు పడతాయి. పైన చెట్టుకు నార తాడు కట్టి, దానికి వేలాడుతూ పెర దగ్గరికి దిగి పొగపెట్టి కోస్తారు. ఒకరోజు ఎదురుగా కొండ మీద ఆయన వేలాడుతుంటే చూశాను. మర్నాడు అడిగాను.

"భయం లేదా అప్పా నీకు?"

"తాడు కాడ మా బామ్మర్ది కూసుంటాడు సామీ. వేరేవోన్ని కూసోబెట్టము. నేను పడితే వాళ్ళక్క బతుకే పాడైపాయ గదా. అందుకని వాడు కన్ను మూయడు."

"ఊరికే కూర్చుంటే చాలా?"

"ఊరికేనా! పలకల్ల. కిందున్నోనికి పొగలో ఏం కనపడదు. రాయి జారతాందా, తాడు ఒరుసుకుంటాందా, ఈగ యా దిక్కు లేస్తాంది, అంతా పైనోడే చూసి చెప్పల్ల. వాడు ఓ అంటాడు, నేను ఓ అంటా. నేను ఓ అంటేనే వాడు ఇంగో మాట చెప్తాడు. పైన నిలబడినోడు పలకకపోతే యా తాడూ పనికిరాదు."

"మీకు పలకకపోతే కుదరదు, మాకు పలికితే కుదరదు" అన్నాను నేను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ తరవాత మేమిద్దరం కలిసి నవ్వింది లేదు.

ఇక్కడ ఒక కోతి గురించి చెప్పాలి. చెప్పకపోతే ఈ కథలో నేను నియమం తప్పని భక్తుడిగా మిగిలిపోతాను. ఆ ఏడాది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బిందె భుజాన పెట్టుకుని ఎక్కుతుంటే ఒక గండుకోతి వచ్చి నా మొలలో దోపుకున్న అరటిపండు లాక్కుపోయింది. "థూ, నీ యమ్మ!" అని అరిచాను. కొండ మారుమోగింది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. కిందికి చూశాను. ఎండకు బండలు కాలుతున్నాయి, మడుగు చాలా లోతులో ఉంది. నాకు బద్ధకం వేసింది. ఆ నీళ్ళే తీసుకుపోయి దించాను. అర్చకులు వాటితోనే అభిషేకం చేశారు. నాకేమీ కాలేదు, దేవుడికీ ఏమీ కాలేదు. కాకపోగా ఆ సాయంత్రం ప్రసాదం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

మూడో ఏడు, భాద్రపదం. ఆళ్ళగడ్డ అవతల పల్లె నుంచి ఒక రైతు కుటుంబం మొక్కు తీర్చుకోవడానికి వచ్చింది. మంచి కలిగినవాళ్ళు. అభిషేకానికి మా నాయన కూడా కర్ర పట్టుకుని గుడి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. నేను రెండు బిందెలు దించి మూడో దానికి దిగాను. నీళ్ళు మోకాళ్ళ కిందికే ఉన్నాయి, తేటగా ఉన్నాయి.

దిగువ మడుగులో ఆ చెంచాయన ఉన్నాడు. వచ్చే తేనెకారుకు తాడు పేనడానికి నార కట్టలు నానబెట్టుకున్నాడు. నీళ్ళకు కొట్టుకుపోకుండా వాటి మీద బండలు పేర్చాడు. ఇప్పుడు వంగి ఆ బండలు ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెడుతున్నాడు. ఆయన వీపు ఏటి పైదిక్కుకు ఉంది. నెత్తి మీదుగా చిన్న ధార దూకుతోంది, ఆ చప్పుడులో, గట్టిగా కేకేస్తే తప్ప, దూరపు హోరేదీ ఆయనకు వినబడే వీలు లేదు. నన్ను చూసి చెయ్యెత్తాడు. నేను అప్పటికే బిందె ముంచాను గనుక తల ఊపి మెట్లెక్కాను.

మెట్లు మలుపు తిరిగే చోట నిలబడితే ఏటి పైభాగం రెండు పెద్ద రాతిగుండ్ల మధ్య నుంచి కనబడుతుంది. మొదట వాసన వచ్చింది. అడవి అడుగున మురిగిన ఆకు వాసన. తలెత్తి చూశాను. గుండ్ల మధ్య ఎర్రటి నురగ, ఎండుటాకులు, ఒక వెదురు బొంగు నిట్టనిలువుగా లేచి మళ్ళీ పడింది. కొత్త నీళ్ళు. ఆ నీళ్ళకూ ఆ మనిషికీ మధ్య ఎంత దూరముందో, అవి ఎంతసేపట్లో వస్తాయో ఆ ఏటి పక్కనే తిరిగే నాకు బాగా తెలుసు. ఒక్క కేక పెడితే ఆయన లేచి గట్టెక్కడానికి సరిపోను సమయం ఉంది. చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, నాకూ తెలిసింది.

నోరు తెరిచాను. అబద్ధం చెప్పను, తెరిచాను. అప్పుడే పైకి చూశాను. ఇరవై మెట్ల పైన మా నాయన నావైపే చూస్తున్నాడు. ఆయన పక్కన ఆ కుటుంబం అంతా చేతులు జోడించుకుని నిలబడి ఉంది, నాకు కాదు, బిందెకు. ఇంతమంది ముందు అరిచి, నీళ్ళు పారబోసి, తలవంచుకుని మళ్ళీ దిగడం కనబడింది నాకు. మా నాయన ముఖం కనబడింది. నోరు మూశాను.

ఇరవై మెట్లే కదా, దించేసి అరుద్దాం అనుకున్నాను. పరిగెత్తాను కూడా. బిందె తొణక్కుండా పరిగెత్తాను, అదీ నా నేర్పు. గర్భగుడి ముందు బిందె దించి, వెనక్కి తిరిగి, వాకిట్లోకి వచ్చి గొంతు చించుకుని అరిచాను. అప్పటికి కింద మడుగు లేదు. ఎర్రటి నీళ్ళు బండల మీదుగా పొర్లుతున్నాయి.

నా కేకకు గూడెం వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆయన కొట్టుకుపోలేదు. పెద్ద గుండును కావలించుకుని తల పైకెత్తి ఉన్నాడు. కొట్టుకొచ్చిన మొద్దు ఒకటి ఆయన కుడి మోకాలిని గుండుకేసి నొక్కి పట్టింది. బావమరిది నడుముకు తాడు కట్టుకుని దిగి, "ఓ బావా, ఓ!" అంటూనే దగ్గరికి పోయాడు. ఆయన కూడా "ఓ" అంటున్నాడు. మోకాలు నుజ్జయిన మనిషి, అయినా పిలిచిన ప్రతిసారీ బదులు పలుకుతూనే ఉన్నాడు. నార కట్టలన్నీ ఏరు తీసుకుపోయింది.

పైన అభిషేకం ఆగలేదు. నేను దించిన నీళ్ళు దేవుడి మీద పోశారు.

కాలికి గూడెం వాళ్ళే ఆకు పసరు పోసి, వెదురు బద్దలు వేసి కట్టారు. నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకుపోదాం అని మా నాయన అన్నాడు. డోలీ, బండి, ఆళ్ళగడ్డలో బస్సు, అంత దూరం రానన్నాడు ఆయన. కాలు అతుక్కుంది, వంకరగా అతుక్కుంది. మళ్ళీ తాడెక్కలేదు. గూడెం ముందు బండ మీద కూర్చుని వెదురు బుట్టలు అల్లేవాడు.

ఇంతవరకైతే ఒక పిరికితనం అనుకుని ఓర్చుకోగలిగేవాణ్ణేమో. అసలు శిక్ష తరవాత మొదలైంది. నన్ను అందరూ మెచ్చుకున్నారు. చూసింది నేను, అరిచింది నేను. ఎప్పుడు చూశానో, ఎప్పుడు అరిచానో ఎవరూ అడగలేదు. మలుపు దగ్గర నేను ఆగింది నాయన చూశాడు గానీ, ఎందుకు ఆగానో ఆయనకు తెలియదు. వచ్చిన ప్రతివాళ్ళతోనూ, "మావాడు బిందె దించి బిరబిరా ఉరికొచ్చి అరిసినాడు. లేకుంటే ఆ చెంచాయన యాడ బతికేటోడు?" అనేవాడు. బిందె దించి అన్న మాట దగ్గర ఆయన గొంతులో గర్వం. నేను పక్కనే నిలబడి వినేవాణ్ణి.

ఆ కార్తీకంలో బావమరిది మోదుగ దొన్నెలో తేనె తెచ్చి నా ముందు పెట్టాడు. "మా బావని బతికిచ్చినావు సామీ. పోయినేటి తేనె, ఇంట్లో దాచి పెట్టింటిమి. నువ్వే తినల్ల" అన్నాడు. దేవుడికి కాదు, నాకు. తీసుకున్నాను. వద్దంటే ఎందుకని అడుగుతాడని తీసుకున్నాను. మా చెల్లెళ్ళు తిన్నారు. నేను వేలు కూడా ముంచలేదు. అది గొప్పతనమని ఎవరూ అనుకోవద్దు. తేనె తినకుండా ఉండటం చాలా సులువు, ఏటి అవతలికి పోయి ఒక మాట చెప్పడమే నా వల్ల కాలేదు.

అయిదేళ్ళు. బిందె ముంచిన ప్రతిసారీ ఆ మడుగు నా కళ్ళముందే ఉండేది. అవతలి గట్టున బండ మీద ఆయన వంగి బుట్ట అల్లుకోవడం కనబడేది. నేను తల తిప్పుకుని మెట్లెక్కేవాణ్ణి. మౌనం అంటే నాకు అప్పటికి ఎంత అలవాటైందంటే, బిందె లేనప్పుడు కూడా ఇంట్లో మాట్లాడటం తగ్గించేశాను. నాయన అది భక్తి ముదరడం అనుకున్నాడు.

చివరికి నంద్యాలలో బడిపంతులు ఉద్యోగం వచ్చింది. నోరు తెరిస్తే గానీ పూట గడవని ఉద్యోగం. మా తమ్ముడు బిందె ఎత్తుకున్నాడు. బయల్దేరే ముందు రోజు పొద్దున ఏరు దాటి గూడేనికి పోయాను. ముందురోజు కొండ మీద వాన పడినట్టుంది, నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి.

ఆయన బండ మీదే ఉన్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి బుట్ట పక్కన పెట్టాడు.

"నంద్యాలకు పోతాండావంట గదా?"

"ఔను. పోయేముందు నీకొక మాట చెప్పాల." కూర్చోలేదు నేను. "ఆ పొద్దు నీళ్ళు రావడం నేను ముందే చూసినా. మలుపు కాడ. అప్పుడు అరవలేదు. బిందె దించినాక అరిచినా."

ఆయన ఆశ్చర్యపోలేదు.

"నాకు ఎరికే. నువ్వు ఆడ నిలబడింది చూసినా. నువ్వు ఏటి పైదిక్కు చూస్తాండావు. ఏందబ్బా అని నేనూ తిరిగి చూసేతలికి నీళ్ళు దగ్గరికొచ్చిండె. భుజం మీద బిందె ఉండె. నువ్వు పలకవని తెలుసు గదా, ఇంగ నీ దిక్కు చూడలే. ఆ గుండు ఎక్కుదామని ఉరికినా." వెదురు బద్ద గోకుతూ అన్నాడు. "దేవుని నీళ్ళు సామీ. ఎట్ల పలుకుతావు? నీ తప్పేముంది?"

ఎత్తిపొడుపు ఏమైనా ఉందేమో అని ఆ ముఖంలో వెతికాను. లేదు. అయిదేళ్ళుగా ఆయనకు తెలుసు. తెలిసీ బావమరిది చేత తేనె పంపించాడు. నా నుంచి ఒక్క కేక కూడా ఆయన ఎదురుచూడలేదు. అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయవచ్చు. నియమం నన్ను కాపాడింది, ఆయనా కాపాడాడు. కానీ నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"అది కాదప్పా. అంతకుముందు ఒకసారి కోతి పండు లాక్కపోతే బిందె భుజానుండంగనే తిట్టినా. ఎవురూ చూల్లేదు. ఆ నీళ్ళే పోయి పోసినా."

గోకడం ఆగింది. ఆయన తలెత్తాడు.

"అయితే," అన్నాడు, "ఆ పొద్దు నువ్వు పలకచ్చునా?"

"పలకచ్చు."

ఆయన చెయ్యి కుడి మోకాలి మీదికి పోయింది. దాన్ని ఆయన కొత్తగా చూస్తున్నట్టు చూసుకున్నాడు. అయిదేళ్ళు దేవుడి కోసం పోయిందనుకున్న కాలు, నేను చెప్పాక ఎందుకు పోయినట్టు? నా బరువు దించుకోవడానికి పోయి ఆయనకున్న ఆ కాస్త ఊరటా లాక్కున్నానని అప్పుడు తెలిసింది. వెనక్కి తిరిగి దిగాను.

ఏట్లో సగం దూరం పోయాను. నీళ్ళ కింద రాళ్ళు సరిగా కనబడటం లేదు, నా కళ్ళు కూడా సరిగా లేవు. వెనక పైనుంచి కేక వినబడింది.

"సామీ! పచ్చ బండ మీద అడుగెయ్యొద్దు, పాకుడుంది. ఎడమకు రా. ఓ...!"

కర్ర మీద ఆనుకుని గట్టు చివర నిలబడి ఉన్నాడు. ఎడమకు జరిగాను. కింద ఉన్నవాణ్ణి గనుక నేనిప్పుడు ఓ అనాలి. అంటేనే పైవాడు రెండో మాట చెబుతాడు. ఆయన ఆగి ఎదురుచూశాడు.

"ఓ...!" మళ్ళీ అన్నాడు.

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. నేను పలకకపోయినా ఆయన మాత్రం ఆపలేదు. ఆడ గుంత ఉంది, ఈడ రాయి కదులుతాది అని నేను ఒడ్డెక్కేదాకా పై నుంచి చెబుతూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా బదులు పలకలేకపోయాను. ఆ రోజు నా భుజం మీద బిందె కూడా లేదు.